సూర్రావుగారి డైనమో లైటు

కంటికి కనబడనివాటిని లెక్కపెట్టడమే నా ఉద్యోగం. ముమ్మిడివరంలో ఒక చిన్న ఆక్వా ల్యాబులో పనిచేస్తాను. రొయ్యల చెరువుల నీళ్లు తెచ్చి, అందులో ఏ సూక్ష్మజీవి ఎంత ఉందో, ఆక్సిజన్ ఎంత ఉందో చూసి రైతులకు కాగితం మీద రాసిస్తాను. కనబడకపోయినా ఫరవాలేదు, కొలతకు దొరికితే ఉన్నట్టు. దొరకకపోతే లేనట్టు. దయ్యాల సంగతి ఎవరు ఎత్తినా నా జవాబు అదే. మా అత్తగారు ఒకసారి కొబ్బరితోటలో ఏదో చూశానని వణికిపోతూ వస్తే, జ్వరం తగిలిందేమోనని చెయ్యి పట్టుకుని చూసిన మనిషిని నేను.

ఇప్పటికీ నా ఉద్దేశం పెద్దగా మారలేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

చెరువులో ఆక్సిజన్ చూడాలంటే తెల్లవారకముందే అక్కడ ఉండాలి. రాత్రంతా తగ్గుతూ వచ్చి, పొద్దు పొడవడానికి కాస్త ముందు అది బాగా పడిపోతుంది. రొయ్య చచ్చేది ఆ వేళలోనే. అందుకని వారానికి నాలుగు రోజులు నేను నాలుగున్నరకల్లా ఇంట్లోంచి బయలుదేరతాను. మా ఊరు కాట్రేనికోనకు ఈవల. అక్కణ్ణుంచి చెరువులకు కాలవగట్టు రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరితోటలు, తోటలు అయిపోయాక చెరువులు. వీధిదీపాలు ఊరి చివరి ఇంటితో సరి.

నాకు బండి రాదు. స్కూటీ నేర్చుకుంటూ ఒకసారి చెరువు గట్టు మీంచి నీళ్లలోకి వెళ్లాను. ఆ తర్వాత మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. సైకిలైతే ఎంత సన్నటి గట్టు మీదైనా దిగి నడిపించుకుపోవచ్చు. ముందు బుట్టలో శాంపిలు సీసాలు, ఆక్సిజన్ మీటరు పడతాయి. అదే నాకు సుఖం.

ఇబ్బందల్లా వెలుతురుతోనే. మొదట సైకిలు షాపులో ఒక బొత్తాం బ్యాటరీ లైటు కొన్నాను. దాని వెలుతురులో హ్యాండిలు కనబడేది, రోడ్డు కనబడేది కాదు. తర్వాత కొన్నాళ్లు ఫోను టార్చి వేసి బుట్టలో నిలబెట్టుకుని వెళ్లాను. గతుకు వచ్చినప్పుడల్లా అది పడిపోయేది. ఒకరోజు అలా పడిపోయిన ఫోను తీసి రోడ్డు మీదకు తిప్పేసరికి, ముందు చక్రానికి జానెడు దూరంలో కట్లపాము దాటుతోంది. ఆ రోజు ఇంటికి వచ్చి మా ఆయనకు ఫోను చేశాను. ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. ఆ మరుసటి నెలే సెలవు మీద రావాల్సి ఉంది.

"సైకిలుకి మంచి లైటు ఒకటి పట్టుకురండి" అన్నాను.

"ఎలాంటిది కావాలి?"

"ఉన్నవాటిలో బాగా వెలుతురొచ్చేది."

అలాంటిదే తెచ్చారు. పెట్టె మీద వెయ్యి ల్యూమెన్లని రాసి ఉంది. అరచేతిలో పట్టేంత నల్లటి లైటు, ఫోను చార్జరుతోనే చార్జింగు పెట్టుకోవచ్చు. మొదటిరోజు వేస్తే కాలవ అవతలి గట్టు మీద నిద్రపోతున్న కొంగలు కూడా కనబడ్డాయి. నా సంతోషానికి హద్దు లేదు. అది ఎదుటివాళ్లకు ఎలా ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు.

ఆ దారిలో ఆ వేళప్పుడు నాకు ఎదురయ్యే మనిషి ఒకే ఒక్కరు. సూర్రావుగారు. అరవై దాటి ఉంటాయి. దూరపు చెరువుల దగ్గర రాత్రి కాపలా కాసి ఇంటికి వెళ్లిపోతుండేవారు. మంకీ టోపీ, ఎగగట్టిన లుంగీ, హ్యాండిలుకి టిఫిను క్యారేజీ. ఆయనది పాత సైకిలు, ముందు చక్రానికి డైనమో. దాని పసుపు వెలుతురు తొక్కే జోరును బట్టి పెరుగుతూ తగ్గుతూ వచ్చేది. రోజూ కాలవ మీది తూము దాటగానే ఎదురయ్యేవారు. నేను పది నిమిషాలు ముందు వచ్చినా, ఆలస్యంగా వచ్చినా అక్కడే. దగ్గరికి రాగానే రెండుసార్లు గంట కొట్టి వెళ్లిపోయేవారు. అంతకుమించి మా మధ్య పరిచయం లేదు.

కొత్త లైటు పెట్టుకున్న మూడోరోజో నాలుగోరోజో, వాన వెలిసిన తెల్లవారుజామున, ఆయన తూము దగ్గర నాకు ఎదురొస్తూ ఒక్కసారిగా చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సైకిలు పక్కకు తిరిగి, మనిషితో సహా రోడ్డు పక్క నీటి బోదెలోకి వెళ్లిపోయింది.

నేను దిగి పరిగెత్తాను. మోకాలు చీరుకుపోయింది. ఒళ్లంతా బురద. డైనమో లైటు అద్దం పైనుంచి కిందికి నిలువునా పగిలింది.

నేను ఏడుపు మొహంతో ఏదేదో అంటుంటే ఆయనే నన్ను సముదాయించారు. "ఏం పర్లేదండీ అమ్మాయిగారూ. తప్పు మీది కాదండి, లైటుది." కుంటుకుంటూ నా సైకిలు దగ్గరికి వచ్చి, లైటు పట్టుకుని కిందికి వంచారు. "లైటు మనం దారి చూసుకోడానికండీ. అవతలోడి కళ్లల్లో కొట్టకూడదు. ఇదిగో, మీ ముందు చక్రానికి పదడుగుల అవతల పడాలండి. ఆయ్, ఇప్పుడు చూడండి, గుంట కూడా బాగా కనపడతాది."

నిజమే. అలా వంచితే నాకే బాగా కనబడింది. ఆ రోజునుంచి లైటు పైకెత్తలేదు.

ఆయన మర్నాటినుంచి యథాప్రకారం ఎదురవుతూనే ఉన్నారు. పగిలిన అద్దం మార్చలేదు. పసుపు వెలుతురు మధ్యలో నల్లటి గీత ఒకటి నిలువుగా కనబడేది. కొత్త అద్దం తెచ్చి ఇద్దామని అనుకుంటూనే ఉన్నాను. షాపు దాకా వెళ్లి, మూసి ఉందని ఒకసారి తిరిగి వచ్చాను. ఆ తర్వాత వెళ్లలేదు.

నెలన్నర తిరక్కుండానే ఆయన పోయారు. కాపలా నుంచి వచ్చి పడుకున్న మనిషి మధ్యాహ్నం అన్నానికి లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. బోదెలో పడడానికీ దానికీ సంబంధం లేదని నా చదువు చెబుతూనే ఉంది. అయినా, పెద్దకార్యం రోజు వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టలేక వెనక్కి వచ్చేశాను. ఆయన పడింది నా వల్లేనని ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసో తెలియదో.

ఇక ఆ రోజు.

చలికాలం. మా ప్రాంతంలో ఆ రోజుల్లో మంచు ఎలా పడుతుందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇంటిముందు అరుగు మీద నిలబడితే వీధి కనబడలేదు. మా అత్తగారు మానెయ్యమన్నారు. ముందురోజే ఒక రైతు రొయ్య పైకి తేలుతోందని ఫోను చేసి ఉన్నాడు, వెళ్లకపోతే కుదరదు.

మంచులో ఎక్కువ వెలుతురు ఎందుకూ పనికిరాదు. లైటు ఎంత పెంచితే అంత తెల్లటి గోడ కళ్లముందు నిలబడుతుంది. బాగా తగ్గించి, రోడ్డు అంచున గడ్డి చూసుకుంటూ నెమ్మదిగా తొక్కుతున్నాను. తూము దాటానని చక్రం కింద గతుకును బట్టి తెలిసింది.

అప్పుడు ఎదురుగా ఒక పసుపు వెలుతురు కనబడింది.

నాకు భయం వెయ్యలేదు. ఎవరో సైకిలు మీద వస్తున్నారనుకున్నాను. అలవాటు కొద్దీ పక్కకు దిగి దారి ఇచ్చాను. ఒక నిమిషం నిలబడ్డాను. ఆ వెలుతురు రాలేదు. సరే, ఆయనా నాకోసం ఆగారేమోనని మళ్లీ ఎక్కి తొక్కాను. ఎంత తొక్కినా అది దగ్గర కాలేదు. నేను నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చెప్పాలి. సైకిలు ముందులైటు ముందుకే చూస్తుంది. మనకంటే ముందు పోయే సైకిలుకి ముందులైటు మనకు కనబడదు. ఇది మాత్రం నావైపు చూస్తూనే దూరంగా జరుగుతోంది. అప్పుడు నేను అంత ఆలోచించలేదు. మంచులో దూరాలు అర్థం కావనుకున్నాను. మిగతా ఏదీ కనబడని చోట అదొక్కటే గుర్తుగా దొరికింది, దాన్ని బట్టి పోయాను.

చక్రం కింద మెత్తగా తగిలాక తెలిసింది, తారురోడ్డు మీద లేనని. ఎప్పుడు మలుపు తిరిగానో తెలియదు. ఒక చెరువు గట్టు మీద ఉన్నాను. నాకు పని ఉన్న చెరువు కాదది. ఆ రైతు ఎవరో కూడా నాకు తెలియదు.

వెనక్కి తిప్పుదామని దిగాను. దిగాక ఇంకోటి తోచింది. చుట్టూ చప్పుడు లేదు. ఆ వేళప్పుడు రొయ్యల చెరువు నిశ్శబ్దంగా ఉండకూడదు. నీళ్లను చిలికి ఆక్సిజన్ ఎక్కించే ఏరేటర్లు తెల్లవార్లూ తిరుగుతూనే ఉండాలి. ఒక్కటీ తిరగడం లేదు. అరగంట అలా వదిలేస్తే చెరువంతా పోతుంది. ఎవరైనా ఉన్నారేమో చెబుదామని సైకిలు నడిపించుకుంటూ ముందుకు వెళ్లాను.

పసుపు వెలుతురు ఆగింది. నేనూ ఆగాను.

ఈసారి దాని మధ్యలో నల్లటి గీత కనబడింది. పైనుంచి కిందికి, నిలువుగా.

డైనమో లైటు చక్రం తిరిగితేనే వెలుగుతుంది. సైకిలు ఆగితే ఆరిపోతుంది. చిన్నప్పుడు ఇంట్లో అలాంటి సైకిలు ఉన్నవాళ్లెవరికైనా తెలుసు. ఎదురుగా ఉన్నది కదలడం లేదు. డైనమో టైరుకు రాసుకునే గుయ్యిమనే చప్పుడు కూడా లేదు. అయినా కాస్తయినా తగ్గకుండా వెలుగుతూనే ఉంది. 

"ఎవరండీ?" అన్నాను. 

 నేనేం చేస్తున్నానో తెలియకుండానే చెయ్యి లైటు మీదకు పోయింది. ఇన్ని నెలల్లో మొదటిసారి దాన్ని పైకెత్తి, పూర్తి వెలుతురు పెట్టాను.

పసుపు వెలుతురు అందులో కలిసిపోయింది. నాకు రెండు బారల దూరంలో, గట్టుకు అడ్డంగా, తడి గడ్డి మీద నల్లటి కరెంటు తీగ పడి ఉంది. గట్టు మీద పాతిన వెదురు బొంగు మీంచి జారిపోయింది. దానికి అవతల రెండు కాళ్లు. ఒక మనిషి గట్టువాలున తలకిందులుగా, తల నీళ్లవైపు పెట్టి పడి ఉన్నాడు.

ఇంకో నాలుగు అడుగులు వేసి ఉంటే ఆ తీగ తొక్కేదాన్ని.

చెరువుల మీద తిరిగేవాళ్లకు ఒకటి బాగా నేర్పుతారు, కరెంటు తియ్యకుండా మనిషిని ముట్టుకోకూడదని. సైకిలు అక్కడే పడేసి, ఫోను టార్చి పట్టుకుని వెనక్కి పరిగెత్తాను. గట్టు మొదట్లో మోటారు షెడ్డు ఉంది. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. మెయిను దించేశాను. మళ్లీ పరిగెత్తి, చంకల కింద చేతులు పెట్టి ఆ మనిషిని పైకి లాగాను. ముప్పై ఏళ్లుంటాయి. అరచెయ్యి కాలిపోయింది, తల వెనక రక్తం. ఊపిరి మాత్రం ఆడుతోంది. నూట ఎనిమిదికి ఫోను చేశాను. షెడ్డు గోడ మీద రాసి ఉన్న చెరువు యజమాని నంబరుకు కూడా చేశాను.

పసుపు వెలుతురు కోసం చుట్టూ చూశాను. లేదు.

యజమాని కారు ముందొచ్చింది. ఆ కారులోనే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లారు. పడిపోయిన మనిషి పేరు నూకరాజు. కాపలాకు కొత్తగా వచ్చాడు, మండపేట దగ్గరి వాడు. ఏరేటర్లు ఆగిపోతే చూద్దామని వెళ్లి తీగ పట్టుకున్నాడు. తీగ విసిరికొట్టింది. ఒక ఫేజు పోయి మోటార్లు ఆగాయనీ, తీగలో మాత్రం కరెంటు ఉండిపోయిందనీ తర్వాత వచ్చిన లైన్‌మ్యాను చెప్పాడు. ఇంకాసేపు అలాగే ఉంటే మనిషి నీళ్లలోకి జారిపోయేవాడని అందరూ అన్నారు.

యజమాని నాకు దణ్ణం పెట్టి, "మీరు దేవతలా వచ్చేరండీ. అవునూ, మా గట్టు మీదకి ఎందుకొచ్చేరండీ?" అని అడిగాడు.

ఏరేటర్ల చప్పుడు లేకపోతే చూద్దామని వచ్చానన్నాను. అది అబద్ధం. చప్పుడు లేదని నాకు తెలిసింది గట్టు మీదకు వచ్చాకనే.

తెల్లవారాక గట్టు మీద ఎన్ని టైరు జాడలున్నాయో చూడాలని తోచింది. అప్పటికే పాతికమంది తొక్కేశారు. ఆ సాక్ష్యం నాకు దొరకలేదు.

ఆ సాయంత్రం సూర్రావుగారి ఇంటికి వెళ్లాను. ఎవరో ఆయన సైకిలు వాడుతున్నారని తేలితే నా మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆయన భార్య సత్తెమ్మగారు పెరట్లో కొబ్బరీనెలు చీరుతున్నారు. సైకిలు గురించి అడిగితే గోడవైపు చూపించారు.

"అదిగోనండీ, అలాగే ఉంది. ముందు చక్రం మా తమ్ముడు పట్టుకెళ్లేడు, కార్తీకంలోనే. ఆడి సైకిలు చక్రం విరిగిపోతేనూ."

ముందు చక్రం లేని సైకిలు గోడకు చేరగిలబడి ఉంది. చక్రంతోపాటు డైనమో కూడా విప్పేశారు. లైటు ఒక్కటే హ్యాండిలుకి మిగిలింది, తీగ వేలాడుతోంది. అద్దం మీద అదే పగులు. పగులు నిండా సాలెపురుగు గూడు. చెయ్యి వేసి చూశాను. ఇనుము ఎలా ఉంటుందో అలాగే చల్లగా ఉంది.

ఇక దాచుకోలేకపోయాను. ఆ పగులు నావల్లే వచ్చిందనీ, ఆయన్ని బోదెలో పడేసింది నేనేననీ చెప్పేశాను. పొద్దున జరిగింది మాత్రం చెప్పలేదు.

సత్తెమ్మగారు చీరే ఈనె పక్కన పెట్టారు.

"తెలుసండీ. ఆ రోజే చెప్పేరు. నేను గట్టిగానే అన్నానండి, అంత లైటు ఎందుకు ఆ పిల్లకి అని. అంటే నా మీద కోప్పడ్డారండీ. ఆడపిల్ల చీకట్లో ఒక్కత్తీ వస్తాది, ఆ మాత్రం లైటు లేకపోతే ఎలాగా అని."

నేను తల ఎత్తలేకపోయాను.

"మీరొచ్చే రోజుల్లో ఇంటికి లేటండీ ఆయన. తూము కాడ కూచునేవారంట. అక్కడ కుక్కలుంటాయి కదండీ. మీ లైటు కనపడ్డాకే సైకిలెక్కి ఎదురొచ్చేవారు. కాపలా ఉన్నానంటే ఆ అమ్మాయి మొహమాటపడతాది, ఎదురొచ్చినట్టు ఉంటే సరిపోద్ది అనేవారండీ."

ఇంటికి వచ్చేదాకా సైకిలు ఎక్కలేకపోయాను. నడిపించుకుంటూ వచ్చాను.

ఇన్ని రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్న సమాధానాలు కొన్ని ఉన్నాయి. నా లైటే చెరువు నీళ్లలో పడి వెనక్కి కనబడి ఉండొచ్చు. మరి రోడ్డు మీద ఉన్నప్పుడు ఎదురుగా నీళ్లెక్కడివి? మంచులో వెలుతురు చెదిరి పసుపుగా తోచి ఉండొచ్చు. మరి మధ్యలో గీత? మనసులో ఉన్న అపరాధం కళ్లకు కట్టి ఉండొచ్చు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన సమాధానం. చాలా రోజులు దీనితోనే సర్దుకుందామనుకున్నాను.

అయిదు రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్లి నూకరాజును చూశాను. రెండు వేళ్లు తీసేశారు. మనిషి తేరుకున్నాడు. పక్కన భార్య, ఒళ్లో నెలల పాప. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నూకరాజు నా వెనక గుమ్మం వైపు చూశాడు.

"పెద్దాయన రాలేదాండీ?"

"ఏ పెద్దాయన?"

"అదేనండీ, ఆ రోజు మీతో వచ్చినాయన. నాకు సగం తెలివుందండి, లేవలేకపోయేను. గట్టు మీద రెండు లైట్లు వచ్చేయండి. ముందు పసుప్పచ్చది, ఎనకాల తెల్లది. ముందరాయన టోపీ పెట్టుకున్నారండి. నా కాడికొచ్చి నిలబడ్డారు. ఆయనకి కూడా దణ్ణం పెట్టుకుందారనండీ."

నూకరాజుకు సూర్రావుగారు తెలియదు. ఆయన పోయాకే అతను ఈ ప్రాంతానికి వచ్చాడు. కరెంటు కొట్టి, తలకు దెబ్బ తగిలి పడి ఉన్న మనిషి చూపును సాక్ష్యంగా తీసుకోకూడదని నాకూ తెలుసు. కానీ పసుపు వెలుతురు సంగతి నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

వాళ్లిద్దరూ నా జవాబు కోసం చూస్తున్నారు. పాప మాత్రం నిద్రపోతోంది.

"ఆయన ముందే వెళ్లిపోయారండీ" అన్నాను.

నేను చెప్పింది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.